ఏ సరుకు ముందు, ఏది వెనక: ఫుడ్ బ్యాంకు గోడౌనులో నా అనుభవం

మా నాన్న ఒడిశాలోని బరంపురంలో కళాసీ పని చేసేవాడు. లారీ వెనక వీపు వంచి నిలబడితే పైనుంచి ఇద్దరు కలిసి యాభై కిలోల బస్తా పెట్టేవారు. ముప్పై ఏళ్లు అలా మోసేసరికి ఆయన మెడ వెనక చర్మం కాయకాసి చెక్కలా అయిపోయింది. నడుం పట్టేసి ఆయన ఇంటిపట్టున ఉండిపోయాక ఇల్లు నామీద పడింది. నేను అప్పటికి ట్రాలీ ఆటో తోలుతున్నాను. కిరాయి దొరికిన రోజు దొరికినట్టు, లేని రోజు లేనట్టు. 2022లో మా వీధిలో ఉండే ఒక ఒడియా భాయినా (అన్న), హైవే పక్కన ఫుడ్ బ్యాంకు గోడౌనులో ఫోర్క్‌లిఫ్ట్ (ముందున్న రెండు ఇనప కొమ్ముల్లాంటి ఫోర్కులతో సరుకు ఎత్తి దించే బండి) నడిపే మనిషి కావాలంటున్నారని చెప్పాడు. "సర్టిఫికెట్ తెచ్చుకో, నేను మాట్లాడతాను" అన్నాడు.

"ఫుడ్ బ్యాంకంటే ఏటి బాబూ?" అని అమ్మ అడిగింది. అప్పటికి నాకూ సరిగా తెలీదు. ఇప్పుడైతే చెప్పగలను. కంపెనీల దగ్గర మిగిలిపోయిన సరుకు, గడువు దగ్గరపడిందనో డబ్బా నలిగిందనో దుకాణాలవాళ్లు తీసుకోని సరుకు, దాతలు కొనిచ్చే బియ్యం, పప్పులు, నూనె అన్నీ ఒకచోటికి చేరుస్తారు. అక్కడినుంచి హాస్టళ్లకి, వృద్ధాశ్రమాలకి, కొండ ఊళ్లలో పనిచేసే సంఘాలకి పంపుతారు. ఇలాంటిది మొదట పెట్టినాయన అమెరికాలో జాన్ వాన్ హెంగెల్, 1967లో, ఫీనిక్స్ ఊళ్లో. మన దగ్గర రేషన్ ఉంది కదా అని చాలామంది అంటారు. ఉంది. 2013 ఆహార భద్రతా చట్టం కింద మనిషికి నెలకి 5 కిలోల ధాన్యం వస్తుంది. కానీ బియ్యం ఒక్కటే తిని పిల్లాడు ఎలా పెరుగుతాడు? పప్పు కావాలి, నూనె కావాలి. మా బండి గజపతి జిల్లాలో మోహనా, ఆర్.ఉదయగిరి వైపు వెళ్లినప్పుడు అక్కడి హాస్టల్ వంటమనిషి ముందు అడిగేది పప్పు సంగతే.

లైట్ వెహికల్ లైసెన్సు నాకు ముందే ఉంది. ఫోర్క్‌లిఫ్ట్ నేర్చుకోడానికి విశాఖపట్నం వెళ్లి పదిహేను రోజులు ఉన్నాను. అమ్మ తన చెవి దుద్దులు కుదువ పెట్టి ఫీజు కట్టింది.

మొదటి రెండు రోజులు మమ్మల్ని బండి ఎక్కనివ్వలేదు. నేర్పే మాస్టారు, పోర్టులో పనిచేసి రిటైరైన పెద్దాయన, బండి మీదున్న చిన్న ఇనప రేకు దగ్గర నిలబెట్టి చదివించారు. ఎంత బరువు, ఎంత ఎత్తుకి, ఎంత దూరంలో. రెండు టన్నుల బండి అంటే ఎలా పెట్టినా రెండు టన్నులు ఎత్తుతుందని కాదు. ఫోర్కులు నిలువుగా పైకి తిరిగే మూల నుంచి బరువు నడిమధ్యకి 500 మిల్లీమీటర్లు ఉంటేనే ఆ లెక్క. బరువు ఇంకా ముందుకి జరిగితే మోయగలిగేది తగ్గిపోతుంది. "మీ ఊళ్లో కావడి మోసేవాళ్లని చూశావా?" అని అడిగారాయన. చూశానన్నాను. "ఇదీ కావడే. ముందు చక్రాలు భుజం. ముందు బుట్ట సరుకు, వెనక బుట్ట బండి బరువు. ముందు బుట్ట ఎక్కువైందంటే వెనక చక్రాలు లేచిపోతాయి. స్టీరింగు తిరిగేది వెనక చక్రాలకే. అవి లేచాక నీ చేతిలో ఇంకేం ఉండదు." లెక్క నాకు ఆ ఒక్క మాటతో బుర్రకెక్కింది. తర్వాత పుస్తకంలో త్రికోణం బొమ్మ చూపించారు, ముందు రెండు చక్రాలు, వెనక ఇరుసు మధ్య ఉన్న పిన్ను కలిపితే వచ్చేది. బరువు కేంద్రం ఆ త్రికోణం దాటి బయటికి పోతే బండి పడుతుంది. నాకు మాత్రం ఇప్పటికీ కావడే కళ్లముందు మెదులుతుంది.

వెనక చక్రాలు తిరగడం అలవాటు పడ్డానికి వారం పట్టింది. ఆటోలో ముందు భాగం తిరిగితే వెనక భాగం దాని వెంట వస్తుంది. ఇందులో ముందు భాగం దాదాపు ఉన్నచోటే ఉంటుంది, తోక విసురుగా పక్కకి వెళ్తుంది. ఆ తోక బరువే మనిషిని గోడకి నొక్కేయడానికి చాలు. అందుకే మలుపు తిప్పేముందు వెనక్కి చూడాలి.

పరీక్ష రోజు మాస్టారు ఖాళీ ప్యాలెట్ (సరుకు పేర్చే చెక్క బల్ల) మీద స్టీలు గ్లాసు పెట్టి, అంచుదాకా నీళ్లు పోశారు. దాన్ని ఎత్తి, ముప్పై అడుగులు తీసుకెళ్లి, రెండు ప్యాలెట్ల మధ్య సందులో దించాలి. ఫోర్కులు ప్యాలెట్ కిందికి దూరేటప్పుడు చెక్కకి తగిలితే గ్లాసు కదులుతుంది. మాస్ట్ (ఫోర్కులు ఎక్కిదిగే నిలువు చట్రం) వెనక్కి వంచేటప్పుడు లీవరు గుంజితే నీళ్లు వలికిపోతాయి. నేల నుంచి జానెడు ఎత్తు మించకుండా తీసుకెళ్లాలి. నేను దించేసరికి ప్యాలెట్ చెక్క మీద రూపాయి బిళ్లంత తడి ఉంది, అంతే. ఆయన దాన్ని వేలితో తుడిచి, "పో, పని చేసుకో" అన్నారు. మా నాన్నకి ఫోన్ చేసి చెబితే చాలాసేపు మాట్లాడలేదు.

గోడౌనులో బండి బ్యాటరీది. తిండి సరుకు ఉన్న చోట, మూసిన గదిలో, డీజిల్ పొగ పనికిరాదు. సాయంత్రం ఛార్జింగుకి పెట్టాలి, ఛార్జింగు పూర్తయ్యాకే డిస్టిల్డ్ వాటర్ పోయాలి. ముందే నిండుగా పోస్తే పొంగి యాసిడ్ బయటికి వస్తుంది. ఛార్జింగయ్యేటప్పుడు హైడ్రోజన్ వస్తుంది కాబట్టి ఆ మూల బీడీ కాదు కదా, అగ్గిపెట్టె కూడా ఉండకూడదు. ర్యాంపు మీద సరుకుతో ఉంటే సరుకు ఎప్పుడూ ఎగువ వైపే ఉండాలి, అంటే దిగేటప్పుడు వెనక్కి దిగాలి. బండి ఒరిగితే దూకకూడదు. స్టీరింగు గట్టిగా పట్టుకుని, ఒరిగే వైపు కాకుండా రెండో వైపుకి వాలి, సీట్లోనే ఉండాలి. దూకినవాడి మీదే బండి పడుతుంది. ఎత్తిన ఫోర్కుల కిందికి ఎవర్నీ రానివ్వకూడదు, మనిషిని ఫోర్కుల మీద నిలబెట్టి పైకి ఎత్తకూడదు. ఈ రెండో దాని గురించి కళాసీలతో చాలా రోజులు గొడవ పడ్డాను. "ఒక్క క్షణం భాయి, పైనున్న ఆ డబ్బా తీసుకుంటాను" అని వచ్చేవారు. నేను బండి కీ తీసి జేబులో వేసుకునేవాణ్ణి.

ఇంతవరకు బండి నడపడం. అసలు పని అది కాదని నాకు ఏడాదికి గాని తెలిసిరాలేదు.

2023 వేసవిలో ఒకరోజు బిస్కెట్ డబ్బాలు వచ్చాయి, మూడు ప్యాలెట్లు. గడువు ఇంకా రెండున్నర నెలలు ఉంది. మా లైన్లలో సరుకు ఒకదాని వెనక ఒకటి పెట్టుకుంటూ వస్తాం, తీసేదీ ముందు నుంచే. నాలుగో లైను ఖాళీగా ఉంటే బిస్కెట్లు లోపలికంటా తోసేశాను. అదే సాయంత్రం బియ్యం లారీ వచ్చింది. డ్రైవరు తొందరపెడుతున్నాడు, బయట మబ్బు పట్టింది, తడుస్తాయని భయం. దగ్గర్లో ఖాళీ ఉన్నది నాలుగో లైనే. ఇరవై బస్తాల ప్యాలెట్, టన్ను బరువు. అలాంటివి ఎనిమిది, బిస్కెట్ల ముందు పెట్టాను. గంటన్నరలో లారీ ఖాళీ అయింది. సూపర్‌వైజరు భుజం తట్టాడు.

బియ్యం అంత త్వరగా కదలదు. ఆ లైను బియ్యం అయ్యేసరికి ఆగస్టు వచ్చింది. చివరి ప్యాలెట్ తీయగానే వెనక బిస్కెట్ డబ్బాలు కనపడ్డాయి. కిందకి దిగి డబ్బా పక్కనున్న తేదీ చూశాను. వేలితో రుద్ది మళ్లీ చూశాను. పదకొండు రోజులు దాటిపోయింది. గడువు దాటిన సరుకు పంచకూడదని 2019లో మిగులు ఆహారం మీద కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ తెచ్చిన నిబంధనల్లోనే ఉంది. బిస్కెట్ బాగానే ఉండొచ్చు, విప్పితే కరకరలాడొచ్చు. అయినా పంపకూడదు, పంపాలని నేనూ అనుకోను. పేదవాళ్లకి కదా, ఏముందిలే అనుకునే చోట ఈ పని నిలవదు. మూడు ప్యాలెట్లూ పశువుల దాణాకి వెళ్లాయి. వాటిని లారీ ఎక్కించింది నేనే. లాగ్ పుస్తకంలో కారణం అన్న చోట "తప్పుగా పేర్చడం" అని రాసి నా పేరు రాశాను.

ఆ రాత్రి అన్నం తినబుద్ధి కాలేదు. మా నాన్న మోసిన బస్తా ఎక్కడ దించాలో చెప్పేవాడు వేరే ఉండేవాడు. ఇక్కడ లెక్క కాగితం మీద సూపర్‌వైజరు రాసినా, ఏది ముందు ఉంటుందో ఏది వెనక పడుతుందో తేల్చేది నా చేతిలో ఉన్న లీవరు. నేను వెనక పెట్టింది ఎవరి కంచంలోకీ వెళ్లదు.

మర్నాడు సూపర్‌వైజరుతో మాట్లాడాను. తేదీలు కంప్యూటర్లో ఉన్నాయి, స్టాక్ కార్డులో ఉన్నాయి, కానీ బండి సీట్లోంచి కనపడవు. సరుకు రాగానే గడువు నెల, సంవత్సరం అరచేతంత అంకెల్లో అట్టముక్క మీద రాసి, ఫోర్కులు దూరే వైపు కట్టాలని అడిగాను. అంకెలే ఎందుకంటే, మా దగ్గర సగంమంది తెలుగువాళ్లం, సగంమంది ఒడియావాళ్లు. 1936లో ఒడిశా ఏర్పడేదాకా బరంపురం మద్రాసు ప్రెసిడెన్సీలోదే కదా, మా పేటల్లో ఇప్పటికీ ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా. నాకు ఒడియా మాట వచ్చు, చదవడం రాదు. సరుకు ఏరే ఆడవాళ్లలో ఇద్దరికి ఏ లిపీ రాదు, అంకెలు మాత్రం అందరికీ వచ్చు. వాళ్లలో పెద్దామె, మేం మౌసీ అంటాం, ఆ అట్టముక్కల పని తనే తీసుకుంది. నల్ల మార్కరుతో ఒక్కో అంకె దిద్దినట్టు రాస్తుంది. బియ్యం, బిస్కెట్లు ఒకే లైనులో పెట్టడం మానేశాం. లారీ డ్రైవరు ఎంత అరిచినా, ముందు లైను చూసుకున్నాకే మొదటి ప్యాలెట్ ఎత్తుతాను. దించడానికి ఇప్పుడు రెండు గంటలు పడుతోంది.

2024 అక్టోబరులో దానా తుపాను వస్తోందన్నారు. ఈ తీరంలో అక్టోబరు అంటేనే గుండె దడ. 2013లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది, 2018లో తిత్లీకి గజపతి కొండలు విరిగిపడ్డాయి. తుపానుకి బియ్యం అక్కరకి రాదు, పొయ్యి తడిసిపోతుంది. అటుకులు, బెల్లం కావాలి. గొంతులో పడితే చాలు, కడుపు నిలబడుతుంది. ఆ రాత్రి ఏడు గంటలకి మొదలుపెట్టాం. ఏ లైనులో ఏముందో, ఏది ముందు కదలాలో సీట్లోంచే కనపడుతోంది. లారీలకి సరుకు ఎక్కించే డాకు దగ్గర రేకు మీద తడి ఉంది, మౌసీ గోనెసంచులు పరిచింది. తడి మీద చక్రం జారితే బరువుతో ఆపలేం, అందుకని నడక వేగానికి మించలేదు. ఒక్క ప్యాలెట్ కోసం కూడా రెండోది పక్కకి జరపాల్సిన పని పడలేదు. అర్ధరాత్రి దాటక ముందే నాలుగు లారీలు నిండాయి. తుపాను మమ్మల్ని వదిలేసి ఉత్తరాన భితర్‌కనికా, ధామ్రా మధ్య 24 రాత్రి తీరానికి తగిలింది. మా లారీలు ఆ వైపే వెళ్లాయి.

నాన్న ఈమధ్య ఒకసారి గోడౌనుకి వచ్చాడు. గేటు దగ్గర కుర్చీ వేస్తే కూచుని, నేను టన్ను బరువు ఎత్తి దించడం చూశాడు. ఇంటికెళ్లే దారిలో అడిగాడు, "ఆ మూడో వరసలో 03 అని రాసుంది, దాని ముందు 05 ఎందుకు పెట్టావు?" అని. నేను చూసుకోలేదు. ఆయన్ని ఇంటి దగ్గర దించి, తిరిగి గోడౌనుకి వెళ్లి, ఆ రెండు ప్యాలెట్లూ మార్చాను.