జాడీలో ధ్రువకాంతి: సగం వలయం దగ్గరే ఆగింది

ధ్రువాల దగ్గర ఆకాశంలో కనిపించే ధ్రువకాంతి (అరోరా) వలయాన్ని, గాలి తోడేసిన గాజు జాడీలో తెప్పించాలని నా ప్రయత్నం: భూమికి బదులు లోపల అయస్కాంతం ఉన్న బంతి, దాన్ని నిలబెట్టే కాడ, ఎదురుగా ఎలక్ట్రాన్లు వదిలే సూది. ఈసారీ వలయం పూర్తి కాలేదు. బంతి పై ధ్రువం చుట్టూ ఊదారంగు వెలుగు సగం తిరిగి, అక్కణ్ణుంచి కిందికి జారి, కాడ బంతిలోకి దూరే చోట ఒకే చుక్కలా మండుతోంది. చిరాకొచ్చేసింది.

బంతికి ప్లస్, సూదికి మైనస్. 780 వోల్టులు, 3 మిల్లీయాంప్‌లు, పీడనం 0.3 మిల్లీబార్. మొదటి అనుమానం అయస్కాంతం మీద: మామూలు రకం నియోడైమియం 80 డిగ్రీలు దాటితే నీరసిస్తుంది. 25 సెంటీమీటర్ల దూరంలో దిక్సూచి పెట్టి చూశా, ముల్లు ఎప్పటంతే తిరిగింది. కాడకు పింగాణీ గొట్టం తొడిగా. చుక్క గొట్టం అంచుకు మారింది, అంతే.

ఇక మిగిలింది జాడీలో గాలి. వాల్వు కట్టేసి గేజ్ చూస్తూ కూర్చున్నా. ఐదు నిమిషాల్లో 0.7, పదిహేను నిమిషాలకు 0.9, ఆపైన దాదాపు కదల్లేదు. లీకైతే అదే వేగంతో పెరుగుతూనే ఉండాలి. కాబట్టి ఇది గోడల్లోంచి ఊరే తేమే. వైజాగ్ గాలికి డబ్బాలో ఉప్పే నీరు కారుతుంది, గాజు ఎంత! 0.3 దగ్గర ఎలక్ట్రాన్ సుమారు మిల్లీమీటరుకోసారి ఏదో ఒక అణువును గుద్దుకుంటుంది. ఇక అయస్కాంత బలరేఖ పట్టుకుని ధ్రువం దాకా ఏం వస్తుంది?

పైన ఆకాశంలో కథ వేరు. కొన్ని వేల కిలోమీటర్ల ఎత్తున ఎలక్ట్రాన్లకే కరువు. ఉన్నవాటిలోనూ చాలావాటిని, కిందికి వచ్చేకొద్దీ బిగిసే అయస్కాంత క్షేత్రం వెనక్కి తిప్పేస్తుంది. కరెంటు మాత్రం ఆగనంటుంది. దాంతో బలరేఖ వెంబడే విద్యుత్ క్షేత్రం ఏర్పడి వాటిని కిందికి తోస్తుంది. 5 కిలోవోల్టుల తేడాను 5,000 కిలోమీటర్ల మీద పరిస్తే మీటరుకు ఒక్క మిల్లీవోల్టు! స్వీడన్ భౌతిక శాస్త్రవేత్త ఆల్ఫ్వెన్ 1958లోనే ఈ మాట అంటే చాలామంది నమ్మలేదు. 1976లో వెళ్లిన ఎస్3-3 ఉపగ్రహం కొలతలతో నోళ్లు మూతపడ్డాయి. నా జాడీలో వోల్టేజంతా సూది మొన దగ్గరే పడిపోతోందని నా అనుమానం.

ఆటోనగర్‌లో లేత్ మీద తీయించిన అల్యూమినియం బంతి మాత్రం బ్రహ్మాండంగా కుదిరింది. జాయింట్లకు టెఫ్లాన్ టేపు చుట్టమనేవాళ్ల మాట నేను వినను, డౌ కార్నింగ్ గ్రీజు పల్చగా రాస్తే చాలు.

ఇప్పుడు జాడీని హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేస్తూ, గ్యాస్ బ్యాలస్ట్ (తేమ పంపు ఆయిల్‌లో చేరకుండా కాస్త గాలి వదిలే వాల్వు) తెరిచి పంపు నడపాలి, ఆయిల్ మార్చాలి. 0.05 దాకా దిగితే టంగ్‌స్టన్ తీగను సూది నుంచి బంతి దాకా జరుపుతూ వోల్టేజి ఎక్కడెక్కడ పడుతోందో కొలుస్తా. ఆకుపచ్చ వెలుగు మీద ఆశ లేదు: 557.7 నానోమీటర్ల కాంతి రావాలంటే ఆక్సిజన్ పరమాణువును ముప్పావు సెకను దాకా ఎవరూ ముట్టుకోకూడదు, జాడీలో అది జరిగే పని కాదు. గాలి చొరబడకుండా తీగను జాడీ బయటికి తీయడానికి పాత స్పార్క్ ప్లగ్ పనికొస్తుందేమో, ఆటోనగర్‌లోనే అడగాలి.