విత్తనం దాచి పొలం కాల్చారు

"స్కాన్‌లో ఏమీ లేదు" అని చెప్పిన నోటితోనే డాక్టరమ్మ "ఇక మూల కణాల మార్పిడికి సిద్ధపడండి" అన్నారు. ఏమీ లేనప్పుడు మళ్లీ ఈ తంతు దేనికని నాకు కోపం వచ్చింది. చిత్తూరులో బెల్లం మండీ పద్దులు రాసేవాణ్ణి. బాకీ చెల్లు అని రాసుకున్న మర్నాడే వడ్డీకి మనిషి వచ్చి కూర్చున్నట్టు అనిపించింది.

నాది లింఫోమా, అంటే తెల్లకణాల్లో పుట్టి గ్రంథుల్లో గడ్డలు కట్టే క్యాన్సర్, అందులో డిఫ్యూజ్ లార్జ్ బి సెల్ రకం. మొదటిసారి మూడు వారాలకొకటి చొప్పున ఆరు విడతల కీమోకు లొంగింది. ఏడాదిన్నర తిరిగేసరికి మెడ పక్కన మళ్లీ గడ్డ. మందులు మార్చి మరో మూడు విడతలు ఇచ్చాక పెట్ స్కాన్ శుభ్రంగా వచ్చింది. అయితే ఒకసారి తిరగబెట్టిన జబ్బు స్కాన్‌కు అందనంత చిన్నగా ఎక్కడో మిగిలి ఉండవచ్చని డాక్టరమ్మ భయం. మా నాన్న చెరకు తోటలో తుంగ పీకిన రోజులు గుర్తొచ్చాయి. పైన ఎంత పీకినా లోపల గడ్డలు ఉంటే మళ్లీ లేస్తుంది.

మండీ బుద్ధి కదా, అంకెలు అడిగాను. 1995లో వెలువడిన పార్మా అధ్యయనం గురించి చెప్పారు. నాలాగే తిరగబెట్టి, మందుకు లొంగిన 109 మందిని రెండు జట్లు చేశారట. అయిదేళ్లకు జబ్బు బెడద లేకుండా ఉన్నవాళ్లు మార్పిడి జట్టులో 46 శాతం, మామూలు కీమో జట్టులో 12 శాతం. "అది రిటుక్సిమాబ్ అని ఇప్పుడు ఈ జబ్బుకు వాడే మందు రాకముందు లెక్క, దాన్నే పట్టుకోకండి" అని ఆవిడే హెచ్చరించారు. ఏడాదిలోపే తిరగబెట్టి ఉంటే కార్-టి చికిత్స (రోగి రక్షణ కణాలనే క్యాన్సర్‌ను పట్టేలా మార్చి ఎక్కించేది) సంగతి ముందు ఆలోచించేవాళ్లమని కూడా అన్నారు. నలభై ఆరు కూడా సగం కాదే అని వేలూరు నుంచి ఇంటికి వచ్చే బస్సులో దారి పొడవునా లెక్క వేసుకుంటూనే ఉన్నాను.

ఇంట్లో 'మార్పిడి' అన్న మాటే గందరగోళం చేసింది. అన్నయ్య "నా మజ్జ తీసుకోరా" అని తయారయ్యాడు. ఎవరిదీ అక్కరలేదు, నా కణాలు నాకే. అసలు మందు కీమోనే, అదీ మామూలుగా ఇవ్వలేనంత మోతాదులో. అది జబ్బుతో పాటు రక్తం తయారయ్యే ఎముక మజ్జనూ కాల్చేస్తుంది. అందుకని రక్తాన్ని పుట్టించే మూల కణాలు ముందే తీసి, గడ్డకట్టించి దాచి, తర్వాత ఎక్కిస్తారు. విత్తనం దాచుకుని పొలం కాల్చడమే. ఎవరైనా మొదటి రోజే ఇలా చెప్పి ఉంటే ఒక వారం నిద్ర మిగిలేది.

కణాలు రక్తంలోకి రావడానికి అయిదు రోజులు ఇంజెక్షన్లు వేశారు. పంటిపోటు తుంటి ఎముకలోకి దిగితే ఎలా ఉంటుందో అలా ఉంది. తర్వాత మెడలో గొట్టం పెట్టి నాలుగేసి గంటలు యంత్రం పక్కన పడుకోబెట్టారు. పెదవులు జివ్వుమంటే క్యాల్షియం ఇచ్చారు. కిలో బరువుకు కనీసం ఇరవై లక్షల కణాలు కావాలి. మొదటి రోజు పద్నాలుగు లక్షలే. ఆ రాత్రి అమ్మ కాణిపాకం వినాయకుడికి మొక్కుకుంది. రెండో రోజుతో కలిపి ముప్పై ఒక లక్ష అయింది.

ఆపైన ఆరు రోజులు నాలుగు రకాల మందులు. చివరిది మెల్ఫలాన్. అది ఎక్కుతున్నంతసేపూ నోట్లో మంచు ముక్కలు పెట్టుకోమన్నారు, నోరు పుండ్లు పడకుండా. నేను మధ్యలో విసుగొచ్చి ఉమ్మేశాను. ఫలితం తర్వాత అనుభవించాను.

కణాలు ఎక్కించే రోజును అక్కడ 'సున్నా రోజు' అంటారు. ఏదో పెద్ద ఆపరేషన్ అనుకున్న మా ఆవిడకు సంచిని వెచ్చని నీళ్లలో కరిగించి సెలైన్‌లా పెట్టడం చూసి నిరాశ కలిగింది. అరగంటలో అయిపోయింది. గడ్డకట్టించేటప్పుడు కలిపిన రసాయనం వల్ల నా ఒంటి నుంచి రెండు రోజులు వెల్లుల్లి వాసన. "వెల్లుల్లి కారం డబ్బా మూత తెరిచినట్టుంది" అంది మాస్కు సర్దుకుంటూ.

అయిదో రోజు నుంచి పదో రోజు దాకా గుర్తున్నది తక్కువ. ఉమ్మి మింగలేకపోయాను. జ్వరం, విరేచనాలు. అన్నయ్య మజ్జకు బదులు ప్లేట్‌లెట్లు ఇచ్చి సంతృప్తి పడ్డాడు. బయట మామిడి కాలం. వండని పండ్లు లోపలికి రానివ్వరు కాబట్టి బేనిషాలను ఫోనులో చూపించాడు, దుర్మార్గుడు. పన్నెండో రోజు పొద్దున నర్సు తెల్లకణాల అంకె కాగితం మీద రాసి గాజు తలుపుకు ఆనించి చూపించింది. న్యూట్రోఫిళ్లు (తెల్లకణాల్లో ఒక రకం) 540, అంటే దాచిన విత్తనం మొలకెత్తింది. నా పద్దుల్లో అంత చిన్న అంకెకు అంత సంతోషించింది ఎప్పుడూ లేదు.

చిన్నప్పటి టీకాల రక్షణ కూడా కీమోతో పోయిందట. ఆరు నెలలకు మళ్లీ మొదలుపెట్టారు. చంకల్లో పిల్లలతో నిలబడ్డ తల్లుల వరసలో నేనూ ఉన్నాను. తట్టు టీకాకు మాత్రం రెండేళ్లు ఆగాలి.

అమ్మకు ఇంకో మొక్కు బాకీ ఉంది, తిరుమలలో నా తలనీలాలు. మొదటి కీమోకే జుట్టు రాలిపోయినప్పుడు "స్వామికి ఇవ్వాల్సింది మందు తినేసింది" అని ఏడ్చింది. ఇప్పుడది రింగులు తిరిగి వచ్చింది. గుంపుల్లోకి వెళ్లడానికి డాక్టరమ్మ ఇంకా ఒప్పుకోలేదు. చెవుల మీదికి వస్తోందని మంగలి దగ్గరికి బయలుదేరితే అమ్మ గుమ్మంలోనే ఆపేసింది, అది నీ సొత్తు కాదంటూ.