ఆర్15 వీ3 మీద దూర ప్రయాణం: చేతుల మీద బరువు తగ్గించే పనులు, ఇప్పటిదాకా

బండి యమహా ఆర్15 వీ3. 155 సీసీ, క్లిప్-ఆన్ హ్యాండిల్ (ముందు ఫోర్కులకి కిందుగా బిగించేది, మనిషి ముందుకి వంగి పట్టుకోవాలి), 815 మి.మీ. సీటు ఎత్తు, 11 లీటర్ల ట్యాంకు. తిరిగేది ఎక్కువగా హైదరాబాద్–విజయవాడ, అప్పుడప్పుడు శ్రీశైలం. హైవే మీద లీటరుకి 40 పైనే ఇస్తుంది కాబట్టి పెట్రోలుకి బెంగ లేదు. ట్యాంకు ఖాళీ అయ్యేలోపే మనిషి ఖాళీ అయిపోతాడు, అదీ గొడవ. చౌటుప్పల్ దాటేసరికి అరచేతులు తిమ్మిరెక్కేవి. సూర్యాపేటలో దిగితే, టీ తాగడం పూర్తయ్యేదాకా నడుము నిలబడేది కాదు.

అమ్మేసి టూరింగ్ బండి కొనుక్కోమని చెప్పేవాళ్లకి కొదవ లేదు. నాకేమో ఘాట్ రోడ్డులో ఈ బండి వంగే తీరు ఇష్టం. అందుకని ఒక షరతు పెట్టుకున్నాను: ఏం మార్చినా, బోల్టు విప్పితే మళ్లీ కంపెనీ బండి అయిపోవాలి. కోతలు లేవు, వెల్డింగులు లేవు. బండిని ఇష్టం వచ్చినట్టు మార్చకూడదనే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఎలాగూ ఉంది. కంపెనీ ఇచ్చిన అసలు స్పెసిఫికేషన్ మారకూడదని 2019లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. సైలెన్సర్ జోలికి అసలు పోలేదు. గంటల తరబడి మోత వినడం కూడా ఒక అలసటే.

మొదటి పనికి పైసా ఖర్చు లేదు. బ్రేక్, క్లచ్ లీవర్ల బిగింపు వదులు చేసి కాస్త కిందికి తిప్పాను. వేళ్లు లీవర్ మీద పెట్టినప్పుడు ముంజేయి, మణికట్టు, వేళ్లు ఒకే గీతలో ఉండాలి. షోరూమ్ నుంచి వచ్చినప్పుడు మణికట్టు పైకి విరిగి ఉండేది. తిమ్మిరిలో సగం అక్కడిదే.

తర్వాత ట్యాంకుకి రెండు పక్కలా రబ్బరు గ్రిప్పులు. హైదరాబాద్‌లో బండి సామాన్లు దొరికే పుత్లీబౌలిలో కొన్నాను. చూడ్డానికి స్టిక్కర్లలా ఉంటాయిగానీ, ఇప్పటిదాకా చేసినవాటిలో వీటంత పని చేసింది ఇంకోటి లేదు. బ్రేక్ వేసినప్పుడు ఒళ్లు ముందుకి జారుతుంది, ఆ బరువంతా చేతులు మోస్తాయి. తొడలు ట్యాంకుని పట్టుకుంటే ఆ పని వాటికి పోతుంది. మొదట్లో తొడలు నొప్పెట్టాయి, తర్వాత అలవాటైంది.

సీటు దగ్గర ఎక్కువ ఆలోచించాల్సి వచ్చింది. కవర్లు కుట్టే షాపులో కుర్రాడు "మెత్తగా చేసేయాలా అన్నా?" అన్నాడు. వద్దన్నాను. మెత్తటి ఫోమ్ షాపులో హాయిగానే ఉంటుంది, గంట కూర్చుంటే అణిగిపోయి అడుగున ప్లాస్టిక్ తగులుతుంది. గట్టి ఫోమే వేయించాను. అంతకంటే ముఖ్యం వాలు. కంపెనీ సీటు ట్యాంకు వైపు వాలి ఉండటంతో మనిషి మెల్లగా ముందుకి జారుతూనే ఉంటాడు. ముందు భాగంలో చిన్న ముక్క పెట్టి సమం చేయించాం. ఎత్తు పెంచితే సిగ్నల్ దగ్గర కాళ్లు అందవు కాబట్టి వెనక భాగాన్ని వెడల్పు చేశాం. కుట్టు మధ్యలోంచి పోకుండా పక్కల నుంచి పోయేలా చూసుకోండి, లేకపోతే వానలో ఫోమ్ నీళ్లు తాగుతుంది. పాత సీటు అలాగే ఉండాలని ఇదంతా విడిగా కొన్న సీటు మీద చేయించాను.

ఇక రైజర్లు, అంటే హ్యాండిల్‌ని పైకి లేపే ముక్కలు. హ్యాండిల్ సుమారు అంగుళం లేచింది. అంతకంటే ఎత్తుకి పోతే కేబుళ్లు, బ్రేక్ పైపు చాలవు. బిగించాక రోడ్డెక్కే ముందు ఒక పరీక్ష తప్పనిసరి: బండి స్టార్ట్ చేసి, న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండిల్‌ని ఈ చివర నుంచి ఆ చివరికి తిప్పాలి. దానంతట అదే రేస్ పెరిగితే యాక్సిలరేటర్ కేబుల్ లాగుతోందని అర్థం. పూర్తిగా తిప్పినప్పుడు ట్యాంకుకీ హ్యాండిల్‌కీ మధ్య బొటనవేలు నలగకూడదు, ముందు బ్రేక్ పైపు ఎక్కడా బిగుసుకోకూడదు.

రైజర్లు పనిచేశాయో లేదో హైవే మీద తెలియదు. 80 దాటాక గాలి ఛాతీకి ఆసరా ఇస్తుంది, చేతుల మీద బరువు దానంతట అదే తగ్గుతుంది. శ్రీశైలం దారిలో మన్ననూర్ దాటాక అడవిలో మెల్లగానే పోవాలి, గాలి సాయం ఉండదు. అక్కడ తేడా స్పష్టంగా తెలిసింది. (మన్ననూర్‌లో అటవీ చెక్‌పోస్టు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు, బయలుదేరే టైం దాన్ని బట్టి చూసుకోవాలి.)

గాలి సంగతి తెలిశాక పొడుగు వైజర్ (బండి ముందుండే గాలి అద్దం) మీద మోజు తగ్గింది. స్నేహితుడిది అరువు తెచ్చి పెట్టి చూశాను. ఛాతీకి గాలి ఆగిపోయింది, దిగిపోయిన బరువు మళ్లీ చేతుల మీదికి వచ్చింది. పైగా గాలి సరిగ్గా హెల్మెట్‌కే కొట్టింది. నడుపుతూ తల రెండంగుళాలు పైకెత్తితే మోత తగ్గింది, అంటే వైజర్ అంచు మీంచి లేచిన గాలి నేరుగా తలకి తగులుతోందన్నమాట. పొట్టివాళ్లకి అదే వైజర్ బాగా కుదరొచ్చు. నేను కంపెనీదే ఉంచేశాను.

లగేజీకి వెనక సీటు మీద టెయిల్ బ్యాగ్ ఒకటే. సైలెన్సర్ కుడివైపు ఎత్తుగా ఉంటుంది కాబట్టి, స్టే (సంచిని సైలెన్సర్‌కి తగలకుండా ఆపే కమ్మీ) లేకుండా పక్క సంచులు వేలాడదీస్తే కాలిపోతాయి. బరువైనవి అడుగున, ముందు వైపు సర్దాలి. కొక్కేల బంగీ తాళ్ల కంటే బకిల్ పట్టీలు మేలు, కొక్కెం ఊడితే నేరుగా చైన్‌లోకే పోతుంది. ఫోన్ హోల్డర్‌ని హ్యాండిల్ మధ్యలో ఉండే స్టీరింగ్ స్టెమ్ రంధ్రంలో బిగించాను, కింద వైబ్రేషన్ డ్యాంపర్‌తో. ఇంజిన్ అదురుకి ఫోన్ కెమెరా పాడవచ్చని ఆపిల్ కంపెనీయే 2021లో హెచ్చరించింది.

వేగం 85–90 మధ్య ఉంచుతున్నాను. 7,400 ఆర్‌పీఎం దగ్గర వీవీఏ (ఇంజిన్ వాల్వులు తెరుచుకునే తీరు మార్చే ఏర్పాటు) అందుకుంటుంది, దానికి కిందే ఉంటే ఇంజినూ నేనూ ప్రశాంతం.

మిగిలింది రాత్రి వెలుతురు. అదనపు లైట్లు కొనేముందు బండి కరెంటు ఎంత మోయగలదో మీటర్‌తో చూడాలి. రిలే (లైట్ల కరెంటుని విడిగా కలిపే స్విచ్), ఫ్యూజ్ లేకుండా హారన్ వైరుకి కలిపేసే పని మాత్రం చేయను. పుత్లీబౌలిలో ఇద్దరు అలాగే చేసిస్తామన్నారు, దండం పెట్టి వచ్చేశాను.