మూసీలో కలిసే నాలా మీద ఫిర్యాదు: శాంపిల్ నుంచి ఆర్టీఐ దాకా నా అనుభవం

మూసీ కంపు మీద ఫిర్యాదు పెడితే వచ్చే జవాబు దాదాపు ఒకటే: "ఎస్టీపీ నడుస్తోంది, ఔట్‌లెట్ నీళ్లు పరిమితిలోనే ఉన్నాయి." ఎస్టీపీ అంటే మురుగునీటి శుద్ధి ప్లాంటు, ఔట్‌లెట్ అంటే శుద్ధయిన నీళ్లు బయటికొచ్చే చోటు. ఆ జవాబులో అబద్ధం ఉండకపోవచ్చు. ప్లాంటులోకి వెళ్లిన మురుగు శుద్ధయ్యే బయటికొస్తుంది. అసలు ప్లాంటు దాకా వెళ్లని మురుగు సంగతి ఆ జవాబులో ఉండదు. 2021లో హైదరాబాద్‌కు 31 కొత్త ఎస్టీపీలు తలపెట్టినప్పుడు సర్కారు చెప్పిన లెక్క: పుట్టే మురుగు 1,950 ఎంఎల్‌డీ, అప్పటికి ఉన్న సామర్థ్యం 772 ఎంఎల్‌డీ, కొత్తవాటితో కలిసేది ఇంకో 1,259.5. ఒక ఎంఎల్‌డీ అంటే రోజుకు పది లక్షల లీటర్లు. కాగితం మీద కూడిక సరిపోతుంది. కానీ నాలాలో పారేదాన్ని ప్లాంటుకు మళ్లించేది ఒక చిన్న అడ్డుకట్ట, దాని పక్కన గేటు, ఆ తర్వాత ట్రంకు లైను, అంటే మురుగును ప్లాంటుకు మోసుకెళ్లే పెద్ద పైపు. గేటు ముందున్న జాలీకి కవర్లు, గుడ్డలు పట్టినా, పూడిక పేరుకున్నా, ఒక గంట వాన పడినా నీళ్లు కట్ట దాటి నేరుగా మూసీలోకే పోతాయి.

కాబట్టి మా పక్క నాలా విషయంలో నేను ఔట్‌లెట్ జోలికి పోలేదు. నాలుగు చోట్ల శాంపిల్ తీశాం: అడ్డుకట్టకు పైన, కట్ట దాటాక, నాలా కలిసే చోటుకు ఎగువన మూసీలో, దిగువన మూసీలో. ఎగువ శాంపిల్ లేకపోతే "పైనుంచే అలా వస్తోంది" అని తేల్చేస్తారు. దిగువన తీసేటప్పుడు ఒక చిక్కుంది. నాలా నీళ్లు కలిసిన వెంటనే నదంతా పరుచుకోవు, చాలా దూరం ఒక ఒడ్డునే పట్టుకుని పోతాయి. ఒడ్డున ముంచితే లెక్క తప్పుతుంది. దిగువనున్న వంతెన మీది నుంచి, నడి పాయలోకి తాడుతో స్టీలు బకెట్ దింపాలి. పైనున్న నురగ, చెత్త రాకుండా జానెడు లోతు నుంచి తోడాలి.

బాటిళ్లు ముందురోజే ల్యాబ్ నుంచి తెచ్చుకోవాలి. ఆ ల్యాబ్‌కు ఎన్ఏబీఎల్ (ల్యాబ్‌లకు జాతీయ గుర్తింపు ఇచ్చే బోర్డు) గుర్తింపు ఉందా, అది మనం అడిగే పరీక్షలకే ఉందా చూడాలి. కొన్ని ల్యాబ్‌లకు తాగునీటికే ఉంటుంది. బీఓడీకి (నీళ్లలోని మురుగును కుళ్లబెట్టడానికి సూక్ష్మజీవులు వాడుకునే ఆక్సిజన్) రెండు లీటర్ల క్యాన్ గాలి లేకుండా నిండా నింపాలి. సీఓడీకి (అదే మురుగును రసాయనాలతో ఆక్సీకరించడానికి పట్టే ఆక్సిజన్) ల్యాబ్‌వాళ్లు సల్ఫ్యూరిక్ యాసిడ్ వేసిచ్చిన బాటిల్ ఉంటుంది, దాన్ని కడగకూడదు. ఫీకల్ కోలిఫాంకు (మలం నుంచి వచ్చే బాక్టీరియా) స్టెరైల్ బాటిల్, దీన్నీ కడగకూడదు, పైన రెండు వేళ్ల ఖాళీ వదలాలి. క్లోరిన్ కలిపిన నీళ్లయితే అందులో క్లోరిన్‌ను విరిచే సోడియం థయోసల్ఫేట్ ఉండాలి. లేకపోతే దారిలోనే బాక్టీరియా చచ్చి రిపోర్టు ముచ్చటగా వస్తుంది. అన్నీ ఐస్ పెట్టెలో, 4 డిగ్రీల దగ్గర. గడ్డకట్టనివ్వకూడదు.

నీళ్లలో కరిగిన ఆక్సిజన్ మాత్రం మారిపోకుండా అక్కడికక్కడే రసాయనాలతో బిగించాలి. 300 మిల్లీలీటర్ల గాజు బాటిల్ బుడగ లేకుండా నింపి, మాంగనస్ సల్ఫేట్ 2 మిల్లీలీటర్లు, ఆల్కలీ అయోడైడ్ అజైడ్ 2 మిల్లీలీటర్లు, పిపెట్ కొన నీళ్లలో మునిగేలా వేసి మూత పెట్టి తిప్పాలి. ఆక్సిజన్ ఉంటే గోధుమరంగు ముద్ద విరుగుతుంది. మా నాలా బాటిళ్లలో తెల్లగా విరిగింది. అంటే సున్నా. ఇక దానికి టైట్రేషన్ (ఆక్సిజన్ ఎంతుందో కొలిచే పరీక్ష) దండగ. ఆ తెల్ల బాటిల్ ఫోటో ఫిర్యాదుకు జత చేశాం.

మనదేశంలో బీఓడీ పరీక్ష 27 డిగ్రీల దగ్గర మూడు రోజులు. గురువారం ఇస్తే చూడాల్సిన రోజు ఆదివారం అవుతుంది, అందుకే కొన్ని ల్యాబ్‌లు ఆ రోజు తీసుకోవు. ఇంకోటి, ఇది నాలా నీరని చెప్పి ఇవ్వాలి. నది నీరనుకుని తక్కువ డైల్యూషన్ పెడితే, అంటే సరిపడా పల్చన చేయకపోతే, మూడో రోజుకు బాటిల్‌లో ఆక్సిజన్ ఏమీ మిగలదు, అంకె రాదు.

రిపోర్టు వచ్చాక మొదట చూడాల్సింది సీఓడీ, బీఓడీల నిష్పత్తి. ఇళ్ల మురుగైతే రెండు, రెండున్నర. నాలుగు దాటితే ఫ్యాక్టరీ నీళ్లు కలుస్తున్నాయని అనుమానించాలి. అప్పుడు జలమండలి (నగరంలో నీళ్లు, మురుగు చూసే సంస్థ) చుట్టూ తిరిగి లాభం లేదు, కాలుష్య నియంత్రణ మండలికి రాయాలి. మాది ఇళ్ల మురుగే.

బీఓడీ అంకె ఒక్కటే చూపిస్తే మొత్తం ఎంత కాలుష్యం పోతోందో తెలియదు. ప్రవాహం కూడా కొలవాలి. తిన్నగా ఉన్న చోట పది మీటర్లు గుర్తు పెట్టి నిమ్మకాయ వేయండి. థర్మాకోల్ వద్దు, గాలికి కొట్టుకుపోతుంది. ఉదాహరణకు వెడల్పు 2 మీటర్లు, లోతు 0.25, నిమ్మకాయ పది మీటర్లు దాటడానికి 20 సెకన్లు అనుకుందాం. పైపొర వేగం ఎక్కువ కాబట్టి 0.85తో గుణిస్తే సెకనుకు 0.21 ఘనపు మీటర్లు, అంటే సుమారు 18 ఎంఎల్‌డీ. బీఓడీ లీటరుకు 140 మిల్లీగ్రాములైతే రోజుకు 2,500 కిలోలు. మనిషికి రోజుకు 45 గ్రాముల బీఓడీ చొప్పున చూస్తే 55 వేల మంది మురుగు. పొద్దున స్నానాలు, బట్టల వేళ దాటిన కాసేపటికి నాలా నిండుగా ఉంటుంది. మధ్యాహ్నం కొలిచిన అంకెతో రోజంతటి లెక్క కట్టొద్దు.

జలమండలి 155313కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకున్నాక ఆర్టీఐ వేశాం. ఫీజు పది రూపాయలు, జవాబుకు 30 రోజులు గడువు. "ఎందుకు పొంగుతోంది" అని అడిగితే జవాబు రాదు, రికార్డులు అడగాలి: ప్లాంటు ఇన్‌లెట్ ఫ్లోమీటర్ రోజువారీ రీడింగులు, గేటు తెరిచి మూసిన లాగ్‌బుక్, జాలీ శుభ్రం చేసిన తేదీలు, నెలవారీ కరెంటు యూనిట్లు, కన్సెంట్ (ప్లాంటు నడపడానికి కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చే అనుమతి) నకలు. వీటిలో కరెంటు బిల్లే నాకు అన్నిటికన్నా నమ్మకం. బ్లోయర్లు (మురుగులోకి గాలి కొట్టే యంత్రాలు) నడవకుండా యూనిట్లు తిరగవు. కన్సెంట్‌లో బీఓడీ పరిమితి ఎంతో కూడా చూడాలి. కేంద్ర పర్యావరణ శాఖ 2017 నోటిఫికేషన్ మెట్రో నగరాలకు లీటరుకు 20 మిల్లీగ్రాములు అంది, 2019లో ఎన్జీటీ (జాతీయ హరిత ట్రిబ్యునల్) 10 చేయమంది. "పరిమితిలోనే" అన్నది దేన్ని బట్టో తెలియాలి కదా.

మన ల్యాబ్ రిపోర్టుతో కేసు నిలవదు. జల చట్టం 21వ సెక్షన్ ప్రకారం కాలుష్య నియంత్రణ మండలి అధికారి నోటీసిచ్చి, రెండు భాగాలు చేసి సీలు వేసిన శాంపిలే సాక్ష్యం. మన రిపోర్టు ఆ అధికారిని నాలా దగ్గరికి రప్పించడానికి. రోజు, వేళ మనమే రాసివ్వాలి, లేకపోతే నాలా పల్చగా ఉన్న వేళ వచ్చి పోతారు. చెన్నైలోని ఎన్జీటీ బెంచికి వెళ్లే ఆలోచన ఉంటే ఎన్జీటీ చట్టం 14వ సెక్షన్ కింద గడువు ఆరు నెలలు. దానికి తేదీలున్న కాగితాలన్నీ మొదటి రోజు నుంచే ఫైల్లో పెట్టుకోవాలి.

మా దగ్గర గేటు ముందు పూడిక తీశారు, ఎండాకాలంలో కట్ట దాటడం ఆగింది. వానకు ఇప్పటికీ దాటుతుంది. వాననీటి కాలువలు అదే నాలాలో కలుస్తున్నంత కాలం గేటు సైజు పెంచినా దిగువన ట్రంకు లైను మ్యాన్‌హోళ్లు పొంగుతాయి. రెండో ఆర్టీఐ ఆ లైను వ్యాసం, డిజైన్ పీక్ ఫ్లో (ఆ లైను మోయగలదని లెక్కగట్టిన గరిష్ఠ ప్రవాహం), ఇప్పుడు దానికి కలిపిన కనెక్షన్ల సంఖ్య మీద వేశాం. ఏప్రిల్‌లో వేస్తే జూన్ వానలకు ముందే జవాబు చేతికొస్తుంది.