విరాళానికి ఇన్‌వాయిస్ ఉందా?

జర్మనీలో ఏటా పన్ను లెక్కలు దాఖలు చేసేటప్పుడు విరాళాల గడి ఒకటి ఉంటుంది. ప్రజాప్రయోజన సంస్థలకు ఇచ్చిన సొమ్మును, ఆదాయంలో 20 శాతం మించకుండా, పన్ను లెక్కలోంచి మినహాయిస్తారు. 300 యూరోల లోపు విరాళానికి పెద్ద ధ్రువపత్రాలేమీ అడగరు, బ్యాంకు స్టేట్‌మెంట్‌తో దాదాపు పని అయిపోతుంది. నా గడిలో ఉండే పేర్లలో ఒకటి బెర్లిన్‌లోని డాక్యుమెంట్ ఫౌండేషన్. ఎంఎస్ ఆఫీస్‌కు బదులు ఉచితంగా వాడుకోగల లిబ్రెఆఫీస్ బాగోగులు చూసుకునేది వాళ్లే. తిరుపతిలో మా ఇంటి లెక్కలు చూసే ఆడిటరుగారికి ఈ సంగతి చెబితే కళ్లజోడు తీసి మరీ నవ్వారు. "గుడికిస్తారు, బడికిస్తారు. సాఫ్ట్‌వేర్‌కు చందా ఏమిటయ్యా?"

మ్యూనిక్‌లో మా ఆఫీసువాళ్లకు అది వింత కాదు. ఈ దేశంలో నమోదైన సంఘాలే ఆరు లక్షలకు పైగా ఉన్నాయి. నా పక్క సీటాయన కొండలెక్కేవాళ్ల సంఘానికి, తన పల్లెలోని స్వచ్ఛంద అగ్నిమాపక దళానికి, చర్చిలోని పాటల బృందానికి చందాలు కడతాడు. ఆయన ఇల్లు ఎప్పుడూ తగలబడలేదు, ఆయనకు పాటా రాదు. ఉండాల్సినవి ఉండాలంటే ఎవరో ఒకరు కట్టాలన్నది ఆయన లెక్క. అందులో భక్తీ లేదు, జాలీ లేదు. ఇచ్చి ఫొటో దిగడం కూడా లేదు.

ఎవరైనా వాడుకుని, మార్చుకుని, పంచుకోగల స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను వాడుకునేవాళ్లు దానికి విరాళం ఇవ్వాలా అని ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఒకటే. దాని మీద సంపాదిస్తున్నవాళ్లు ఇవ్వాలి. ఇచ్చే ముందు ఆ డబ్బు ఎవరి చేతికి వెళ్తుందో కనుక్కోవాలి. మిగతావాళ్ల ముందు చెయ్యి చాచడం నాకు నచ్చదు. లైసెన్సే అడగనప్పుడు మధ్యలో మనమెవరం?

ఈ అభిప్రాయం జర్మనీలో పుట్టింది కాదు. మా అన్నతో వాదించగా వాదించగా తేలింది. అన్న అంటే మా పెద్దనాన్న కొడుకు. తిరుపతి ఆర్టీసీ బస్టాండుకు దగ్గర్లో డీటీపీ, జిరాక్సు షాపు నడుపుతాడు. అద్దె ఒప్పందాలు, అఫిడవిట్లు, కాలేజీ పిల్లల ప్రాజెక్టు రిపోర్టులు, ముహూర్తాల కాలంలో పెళ్లి పత్రికలు. పత్రికలకు ఇప్పటికీ పేజ్‌మేకర్, అను ఫాంట్లే. మిగతా పనంతా లిబ్రెఆఫీస్‌లో జరిగిపోతుంది. ఎందుకని అడిగితే సిద్ధాంతాలు చెప్పడు. "పాత కంప్యూటర్‌లో కూడా నడుస్తుంది, ఎవరూ వచ్చి లైసెన్సు చూపించమనరు" అంటాడు.

సెలవులో వెళ్లినప్పుడు ఆ షాపులో స్టూలు మీద కూర్చోవడం నాకు సరదా. ఒకసారి ఎవరో పెళ్లి పత్రిక మ్యాటరును వాట్సాప్‌లో యూనికోడ్ తెలుగులో, అంటే ఫోన్లలో టైపు చేసే తెలుగులో, పంపారు. అన్న దాన్ని పేజ్‌మేకర్‌లో అతికిస్తే వరసగా ప్రశ్నార్థకాలు వచ్చాయి. లిబ్రెఆఫీస్‌లో అతికిస్తే శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు మూడూ ఒత్తులతో సహా ముచ్చటగా కూర్చున్నాయి. సకారం కింద తావత్తు, ఘకారం కింద నావత్తు ఎక్కడివక్కడే. ఏ ఒత్తు ఎక్కడ కూర్చోవాలో లెక్కగట్టేది హార్ఫ్‌బజ్ అనే చిన్న లైబ్రరీ, అంటే వేరే సాఫ్ట్‌వేర్లు తమలో కలుపుకుని వాడుకునే రెడీమేడ్ కోడు. 2017లో వచ్చిన లిబ్రెఆఫీస్ 5.3 నుంచి ఏ కంప్యూటర్‌లోనైనా ఆ పని దానిదే. ఫైర్‌ఫాక్స్‌లో, క్రోమ్‌లో, ఆండ్రాయిడ్ ఫోన్లలో మన అక్షరాలు తిన్నగా కనబడేదీ దాని చలవే. దాన్ని ముఖ్యంగా రాసిన బెహ్దాద్ ఎస్ఫాబోద్ ఇరాన్‌లో పుట్టిన ఇంజినీరు. (2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' గుణింతం తగిలి ఐఫోన్లు కుప్పకూలిన ముచ్చట గుర్తుండే ఉంటుంది. అది ఆపిల్ సొంత సరుకులోని లోపం, హార్ఫ్‌బజ్‌కు ఆ పాపం అంటదు.)

"అయితే డబ్బులు ఆయనకు పంపాలా?" అన్నాడు అన్న.

మంచి ప్రశ్నే, కానీ ఆయన ఆ పనిని చాలాకాలం రెడ్ హ్యాట్, గూగుల్ వంటి కంపెనీల్లో జీతం తీసుకుంటూ చేశారు. లినక్స్ అనే స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయలాంటి కెర్నల్ సంగతీ అంతే, అందులో ఎక్కువ భాగం కంపెనీల ఉద్యోగులు రాసిందే. మనం వంద రూపాయలు పంపితే అక్కడ ఒరిగేదేమీ లేదు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మొత్తాన్ని ఎవరో కడుపు మాడ్చుకుని రాత్రిళ్లు రాస్తున్నారన్న కథ సగమే నిజం.

ఆ నిజమైన సగం భయంకరంగా ఉంటుంది. 2014 ఏప్రిల్‌లో హార్ట్‌బ్లీడ్ లోపం బయటపడ్డప్పుడు లోకంలో లక్షల వెబ్‌సైట్లు బెంబేలెత్తాయి. వెబ్‌సైట్లకు తాళం వేసే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లోనే కన్నం ఉందని అప్పుడు తెలిసింది. బ్యాంకులు, దుకాణాలు, ప్రభుత్వాలు అన్నీ నమ్ముకున్న ఆ ప్రాజెక్టుకు అప్పటిదాకా ఏడాదికి వస్తున్న విరాళాలు సుమారు 2,000 డాలర్లు. కన్నం పడ్డాకే పెద్ద కంపెనీలు కలిసి నిధి ఏర్పాటు చేశాయి. పదేళ్ల తరవాత, 2024 మార్చిలో, ఫైళ్ల సైజు కుదించే ఎక్స్‌జెడ్ అనే లైబ్రరీలోకి దొంగదారి ఒకటి దూర్చారు. చాలాకాలంగా దాన్ని దాదాపు ఒంటరిగా మోస్తున్న మనిషి అలసిపోయి ఉంటే, సాయం చేస్తానంటూ ఒక మారుపేరు చేరి, రెండేళ్లకు పైగా నమ్మకం సంపాదించి, ఆ పని చేసింది. మైక్రోసాఫ్ట్‌లో పనిచేసే ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు, లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని తవ్వబట్టి బయటపడింది. డబ్బుంటే అది జరిగేది కాదని నేననను. పక్కన జీతానికి ఇంకో మనిషి ఉంటే మాత్రం ఆ మారుపేరుకు అంత చనువు దొరికేది కాదనుకుంటాను.

నాకు వీటన్నిటికంటే నచ్చిన కథ జర్మనీదే. వెర్నర్ కోఖ్ అనే ఆయన 1997లో జీఎన్‌యూపీజీ రాయడం మొదలుపెట్టారు. ఈమెయిళ్లను ఇతరులు చదవకుండా కట్టుదిట్టం చేసే పనిముట్టు అది. విలేకరులు, ఉద్యమకారులు ప్రాణాలకు తెగించి పనిచేసే చోట్ల అదే ఆసరా. ఇంత చేస్తూ ఆయన ఇల్లు గడవక, 2013 నాటికి వదిలేసి మామూలు ఉద్యోగం చూసుకుందామనుకున్నారు. అమెరికా రహస్య నిఘా గుట్టు విప్పిన స్నోడెన్ వ్యవహారం బయటపడటంతో మనసు మార్చుకున్నారు. 2015 ఫిబ్రవరిలో ఆయన కష్టాల మీద ఒక పత్రికా కథనం రాగానే జనం విరాళాలు కుమ్మరించారు. ఫేస్‌బుక్, స్ట్రైప్ కంపెనీలు ఏటా చెరో 50,000 డాలర్లు ఇస్తామన్నాయి. ఇంతవరకు చాలామందికి తెలుసు. ఆ తరవాతిది ఎవరూ చెప్పరు. 2022 మొదట్లో ఆయనే, "మా సాఫ్ట్‌వేర్‌ను ప్రభుత్వ కార్యాలయాలు కొంటున్నాయి, మద్దతు సేవలతో మా బండి నడుస్తోంది, ఇక నెలనెలా పంపడం ఆపి ఇంకొకరికి ఇవ్వండి" అన్న అర్థం వచ్చే ప్రకటన చేశారు. విరాళం చేయగల పని అంతే. మనిషి నిలదొక్కుకునేదాకా ఇంట్లో పొయ్యి వెలిగేలా చూస్తుంది. జీవితాంతం దాని మీదే బతకమంటే ఎవరికీ గౌరవం కాదు.

అన్న ఇదంతా విని, "ఇచ్చిన డబ్బు అతనికే చేరుతుందని నమ్మకమేమిటి?" అన్నాడు. తిరుపతిలో పుట్టిన మనిషి అడగాల్సిన ప్రశ్నే ఇది. హుండీలో వేసింది దేవస్థానం మొత్తం ఆదాయంలో కలుస్తుంది. అన్నప్రసాదం ట్రస్టుకు రాసిచ్చింది భోజనాలకే పోతుంది. 1985లో నిత్యాన్నదానం మొదలైనప్పటి నుంచీ మా ఇంట్లో పెళ్లిరోజులకు, తద్దినాలకు ఇచ్చేది రెండోదానికే. తేడా అందరికీ తెలుసు. మొజిల్లా దగ్గరా ఇదే తేడా. మొజిల్లా ఫౌండేషన్‌కు ఇచ్చిన విరాళం ఫైర్‌ఫాక్స్ తయారీకి వెళ్లదు. ఫైర్‌ఫాక్స్‌ను తయారుచేసేది మొజిల్లా కార్పొరేషన్, దాని రాబడిలో అధిక భాగం సెర్చి ఒప్పందాల ద్వారా గూగుల్ నుంచి వస్తుంది. మొజిల్లావాళ్ల ఈమెయిల్ ప్రోగ్రాం థండర్‌బర్డ్‌కు ఇస్తే మాత్రం థండర్‌బర్డ్‌కే. 2022లో మూడు లక్షల మందికి పైగా చిన్నచిన్న మొత్తాలిస్తే సుమారు 64 లక్షల డాలర్లు పోగయ్యాయి, ఆ జట్టుకు జీతాలు ఆ డబ్బులోంచే. ఫైర్‌ఫాక్స్ నారింజ నక్క బొమ్మ మీద అభిమానంతో ఫౌండేషన్‌కు ఇచ్చి, ఫైర్‌ఫాక్స్‌కే ఇచ్చామనుకునేవాళ్లు నాకు చాలామంది తెలుసు.

ఇక అన్న ఇవ్వాలా? వద్దంటాను. పేజీకి ఇంతని టైపు చేసి అద్దె కట్టుకునే మనిషి దగ్గర నేను యూరోల్లో నీతి మాట్లాడితే బాగుండదు. ఎస్వీ యూనివర్సిటీ హాస్టల్లో పాత ల్యాప్‌టాప్ మీద లినక్స్ రకమైన ఉబుంటు వేసుకుని ప్రోగ్రామింగ్ నేర్చుకునే పిల్లాడూ ఎవరికీ బాకీ లేడు. నేర్చుకోవడానికే కదా దాన్ని తెరిచి పెట్టింది. అన్న ఇచ్చేది వేరే రకంగా ఉంది. ఏ ఫాంటులో ఏ ఒత్తు పీడీఎఫ్‌లోకి వెళ్లేసరికి జరిగిపోతోందో నాకంటే ముందు ఆయనకే కనబడుతుంది. ఆయన ఫోనులో ఫొటో తీసి పంపుతాడు, నేను ఇంగ్లీషులో రాసి ప్రాజెక్టువాళ్లకు చేరవేస్తాను. బెర్లిన్‌లో కూర్చుని ఎంత జీతమిచ్చినా అటువంటి కన్ను దొరకదు.

అసలు ఇవ్వాల్సింది మా ఆఫీసులాంటివాళ్లు. పేరు చెప్పను. మేం అమ్మే సరుకులో మేం రాసింది కొంచెం, మిగిలిందంతా ఊరందరి లైబ్రరీలు. ఒక లైబ్రరీని ఇద్దరే నడుపుతున్నారు. అది ఆగితే మా పనీ ఆగుతుంది. దానికి ఏటా కొంత ఇద్దామని ప్రతిపాదన పెట్టాను. మేనేజరు ఒప్పుకున్నాడు, ఆయన పైవాడూ ఒప్పుకున్నాడు. అకౌంట్స్ విభాగంలో ఒకావిడ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇన్‌వాయిస్ ఏది?" అంది. లేదన్నాను. "మరి ఏం కొంటున్నాం?" ఏమీ కొనడం లేదన్నాను. ఆవిడ తప్పేమీ లేదు. కంపెనీలో కొనుగోలుకు ఒక దారి ఉంటుంది, విరాళానికి ఇంకో దారి, ఆ రెండోది ఎక్కడో పైఅంతస్తులో ప్రచార విభాగం గుండా వెళ్తుంది. అక్కడ పిల్లల ఆసుపత్రితో పోటీపడి ఒక లైబ్రరీ గెలవలేదు, గెలవకూడదు కూడా.

చివరికి దారి దొరికింది. ఓపెన్ సోర్స్ కలెక్టివ్ లాంటి సంస్థలు ప్రాజెక్టుల తరఫున డబ్బు తీసుకుని కంపెనీలకు పద్ధతిగా ఇన్‌వాయిస్ ఇస్తాయి. అదే కాగితం మీద 'విరాళం' కొట్టేసి 'నిర్వహణ మద్దతు' అని రాస్తే వారం తిరక్కుండా సంతకాలైపోయాయి. క్రిస్మస్ విందులో ద్రాక్షసారా ఖర్చుకంటే అది తక్కువే.

నేను కట్టే పన్నులోనూ కొంత ఇటు వస్తోంది. 2022లో జర్మనీ ప్రభుత్వం సావరిన్ టెక్ ఫండ్ పెట్టి ఇలాంటి పునాది ప్రాజెక్టులకు ఇస్తోంది, 2023లో లినక్స్ తెర రూపాన్ని తయారుచేసే గ్నోమ్‌కు పది లక్షల యూరోలు కేటాయించింది. ష్లెస్‌విగ్-హోల్‌స్టైన్ రాష్ట్రం 30,000 కంప్యూటర్లను లిబ్రెఆఫీస్‌కు మారుస్తామని 2024 ఏప్రిల్‌లో ప్రకటించింది. ఓటు లేని నా పన్ను ఇలా ఖర్చవుతుంటే ఫిర్యాదు లేదు. మా మ్యూనిక్ మాత్రం 2003లో లినక్స్‌కు మారాలని నిర్ణయించి, పదేళ్లు తంటాలు పడి సుమారు 15,000 కంప్యూటర్లు మార్చి, 2017లో మళ్లీ విండోస్ అంది. ప్రభుత్వం ఒక్కదాని మీదే ఆశ పెట్టుకోలేమనడానికి మా ఊరే సాక్ష్యం.

మన దేశంలోనూ కదలిక ఉంది. షేర్ల బ్రోకరు కంపెనీ జెరోధా 2024 అక్టోబరులో ఏటా పది లక్షల డాలర్లతో ఒక నిధి ప్రకటించింది, ఏ దేశపు ప్రాజెక్టయినా అడగవచ్చు. ప్రవాసులు నేరుగా ఇండియాలోని సంస్థకు ఇవ్వాలనుకుంటే ఒక్క మెలిక గమనించాలి. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు సొంత సంపాదనను బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. పాస్‌పోర్టు మార్చుకున్నవాళ్లు పంపితే వస్తుంది, ఆ సంస్థకు విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి ఉండాల్సిందే. జర్మన్ పౌరసత్వం తీసుకున్న మిత్రుడొకడు ఇది తెలిశాక తన వంతు కూడా నన్నే పంపమన్నాడు. కుదరదని చెప్పాను.

ఆఫీసులో కొత్త బడ్జెట్ కాగితాలు తిరుగుతున్నాయి. ఈసారి ఇంకో లైబ్రరీ పేరు కూడా చేర్చాను. ఇన్‌వాయిస్ ముందే తెప్పించి జతచేశాను.