మా ఊరి పంచాయితీ, నెల్లూరు బోర్డు

ఊరి పేరు రాయను. అల్లూరుకీ విడవలూరుకీ మధ్య సముద్రపు గాలి తగిలే ఊరేదో ఒకటి అనుకోండి. పద్దెనిమిదేళ్ళు నిండని పిల్లవాడు కేసులో ఉంటే వాడి పేరు, ఊరు, బడి, ఫోటో ఏదీ బయటపెట్టకూడదు. 2015 నాటి బాల న్యాయ చట్టం, 74వ సెక్షన్. పెడితే ఆరు నెలల దాకా జైలు, లేదంటే రెండు లక్షల దాకా జరిమానా, లేదంటే రెండూ. ఈ సంగతి మా ఊరి వాట్సాప్ గ్రూపు అడ్మిన్‌కి చెబితే ముందు నవ్వాడు. రెండు లక్షలు అన్నాక గ్రూపులో పెట్టిన పిల్లవాడి ఫోటోలు గబగబా డిలీట్ చేశాడు. అప్పటికే అవి పక్క ఊళ్ళ గ్రూపుల్లో తిరుగుతున్నాయనుకోండి.

దొంగతనం జరిగింది నా రొయ్యల గుంట మీదే. వెనామీ రొయ్యల పట్టుబడి దగ్గరపడింది. ప్యానెల్ బోర్డు నుంచి, నీళ్ళకు గాలి అందించే రెక్కల మిషన్లు, అదే ఏరియేటర్లకు పోయే కాపర్ కేబుల్ రాత్రిపూట కోసుకుపోయారు. రొయ్యల సంగతి తెలియనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది, ఏరియేటర్లు తప్పకుండా తిరగాల్సింది అప్పుడే. మా కాపలా మనిషి కరెంటు పోయిందనుకుని జనరేటర్ వేశాడు. జనరేటర్ నడుస్తోంది, రెక్కలు మాత్రం తిరగడం లేదు. టార్చ్ కొట్టి చూస్తే రొయ్యలన్నీ గట్టు వారకొచ్చి పైకి తేలుతున్నాయి. తెల్లారేసరికి సగం గుంట ఖాళీ అయినట్టే.

ఆ కేబుల్‌ని సరుగుడు తోటలో తగలబెట్టి, పైతొడుగు కాలిపోయాక రాగిని చుట్టలు చుట్టి పాత సామాన్ల కొట్టులో అమ్మారు. వాళ్ళకు వచ్చింది రెండు వేల చిల్లర. నాకు పోయింది లక్షల్లో.

మా వైపు గుంటల మీద ఏది పోయినా అందరి చూపూ ముందు గిరిజన కాలనీ మీదికి పోతుంది. ఈసారీ అంతే. నలుగురు బైకులేసుకుని పోయి కాలనీ కుర్రాళ్ళిద్దర్ని లాక్కొచ్చారు. తీరా సరుగుడు తోటలో కాలిన చోటు, అక్కడ పడి ఉన్న కటింగ్ ప్లేయరు చూసి ఆరా తీస్తే తేలింది మా వీధి పిలకాయలే. ఒకడికి ఇరవై, ఒకడికి పదహారు. కాలనీ వాళ్ళని పొమ్మన్నారు, అంతే. తప్పైపోయిందన్న మాట ఒక్కరి నోటా రాలేదు. తెల్లవాళ్ళు 1871లో క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చి కొన్ని కులాల్ని పుట్టుకతోనే దొంగలన్నారు. మా కావలిలోనే అమెరికన్ బాప్టిస్టు మిషన్ వాళ్ళు ఎరుకల కుటుంబాలను పెట్టి సెటిల్‌మెంట్ నడిపారు. ఆ చట్టం 1952లో రద్దయింది. ఆ సంగతి మా బైకుల బ్యాచికి ఇంకా అందినట్టు లేదు.

ఆ రాత్రి రామాలయం అరుగు మీద పంచాయితీ పెట్టారు. "స్టేషన్ దాకా ఎందుకు, ఊళ్ళోనే తేల్చుకుందాం" అన్నారు పెద్దమనుషులు. ఆ మాటలో మంచి కూడా ఉంది, కాదనను. కేసులంటే వాయిదాలు, లాయర్ ఫీజులు, చదువు చెడిపోవడం. పెద్దోడి నాయన యాభై వేలు తప్పు కడతానని ఒప్పుకున్నాడు. చిన్నోడికి తండ్రి లేడు. తల్లి రొయ్యల ప్లాంటులో హెడ్‌కట్టింగ్‌కి, అంటే రొయ్యల తలలు తీసే పనికి పోతుంది. ఆమె అంత ఎక్కడి నుంచి తెస్తుంది? అప్పుడొక పెద్దాయన తీర్పు చెప్పాడు: "పంట అయ్యేదాకా పిలకాయని జీతం లేకుండా గుంట మీద పనికి పెట్టండి. నష్టం తీరిపోద్ది, వాడికీ బుద్ధొస్తుంది." అందరూ తలలూపారు.

అంతసేపూ చిన్నోడు చేతులు కట్టుకుని స్తంభం పక్కన నిలబడి ఉన్నాడు. ఇద్దరు ముగ్గురు చెంప మీద కొట్టారు. ఎందుకు చేశావురా అని మాత్రం ఎవరూ అడగలేదు.

మా మేనమామ కొడుకు నెల్లూరులో వకీలు. ఫోన్‌లో విషయం చెబితే, "బావా, అది వెట్టిచాకిరీ. 1976 చట్టం కింద నీకే మూడేళ్ళ దాకా పడుద్ది" అన్నాడు. దొంగతనానికి కొత్త న్యాయ సంహితలో గరిష్ఠ శిక్ష ఎంత అని అడిగాను. అదీ మూడేళ్ళేనట. అంటే నా కేబుల్ దొంగా, నేనూ ఒకే మెట్టు మీద ఉండేవాళ్ళం.

సరే, కేసు పెట్టాను. ఊళ్ళో సగం మంది ఇప్పటికీ నాతో సరిగ్గా మాట్లాడరు. చిన్నోడిని తీసుకెళ్ళడానికి వచ్చిన ఆఫీసరు యూనిఫాంలో లేడు, బేడీలు లేవు. లాకప్‌లో పెట్టకూడదు, ప్రయాణం పోను 24 గంటల్లోగా పిల్లల కేసులు చూసే జువెనైల్ జస్టిస్ బోర్డు ముందుంచాలి. మామూలుగా ఇంత చిన్న నేరానికి పిల్లల మీద ఎఫ్‌ఐఆర్ కూడా రాయరు, స్టేషన్ డైరీలో నమోదు చేసి వాడి ఇంటి పరిస్థితుల మీద ఒక రిపోర్టుతో బోర్డుకు పంపుతారు. ఇక్కడ పెద్దవాడు కలిసి ఉన్నాడు కాబట్టి రాయాల్సి వచ్చింది.

చిన్న నేరం అన్నానా? నాకు అక్కడే మండింది. మూడేళ్ళు మించని శిక్ష ఉన్నదంతా పిల్లల చట్టంలో చిన్న నేరమే. నా రొయ్యలు ఎన్ని చచ్చాయన్న లెక్క అందులో రాదు. మా బావమరిదితో గట్టిగానే వాదించాను. "నీ నష్టానికి సివిల్ దావా ఉంది బావా, ఆ పిల్లోడు చేసింది మాత్రం కేబుల్ కోయడమే, రొయ్యల్ని చంపాలని పోలేదు" అన్నాడు. ఒప్పుకోడానికి కొంతకాలం పట్టింది.

నెల్లూరులో బోర్డు సినిమా కోర్టులా ఉంటుందనుకుని పోయాను. బోను లేదు, ఎత్తు వేదిక లేదు. మేజిస్ట్రేట్ గారు మామూలు టేబుల్ దగ్గరే కూర్చున్నారు, పక్కన ఇద్దరు సోషల్ వర్కర్లు. ఒకావిడ చిన్నోడిని కూర్చోబెట్టి మెల్లగా అడిగింది. వాడు చెప్పింది ఇదీ: ఫోన్ డిస్‌ప్లే పగిలితే పెద్దోడు డబ్బులిచ్చి బాగు చేయించాడు. తిరిగి ఇవ్వలేకపోయేసరికి, "ఒక రాత్రి నాతో రా, బాకీ తీరిపోద్ది" అన్నాడు. అంత పంచాయితీలో బయటికి రాని ముక్క అక్కడ అయిదు నిమిషాల్లో వచ్చింది.

వాడి తల్లి అడిగింది ఒకటే. "రేపు కువైట్ పోతానంటే ఇది అడ్డమొస్తుందా అమ్మా?" రాదని చెప్పారు. ఈ చట్టం కింద తేలిన కేసు పిల్లవాడి ఉద్యోగానికీ దేనికీ అనర్హత కాదు, అప్పీలు గడువు దాటాక ఆ రికార్డు కూడా తీసేయాలి. విచారణ నాలుగు నెలల్లో ముగించాలి, మహా అయితే ఇంకో రెండు నెలలు. అప్పటికీ తేలకపోతే ఇలాంటి చిన్న కేసు దానంతట అదే రద్దవుతుంది. ఇరవై ఏళ్ళవాడి కేసు మాత్రం మామూలు కోర్టులో వాయిదాల మీద నడుస్తోంది.

ప్రొబేషన్ ఆఫీసరు ఊరికొచ్చి బడిలో, ఇంట్లో, వీధిలో విచారించి రిపోర్టు రాసుకెళ్ళాడు. చివరికి బోర్డు చిన్నోడిని మందలించి, మంచి నడవడిక మీద తల్లికి అప్పగించింది. దాంతో పాటు కొంతకాలం సమాజ సేవ చేయాలంది. ఆ సేవ బోర్డు ఒప్పుకున్న సంస్థో మనిషో దగ్గరుండి చేయించాలి.

ఆ మనిషి కోసం ఊరంతా తిరిగాం. గుడి కమిటీ వాళ్ళు "దొంగతనం చేసినోడిని గుళ్ళోకి ఎట్టా రానిస్తాం" అన్నారు. బడిలో అడిగితే, కంప్యూటర్లు ఉన్నాయి, ఏదైనా పోతే నా మీదికొస్తుందన్నారు. పంచాయితీలో గొంతు చించుకున్న పెద్దాయనకు ఆ నెలంతా మోకాళ్ళ నొప్పులు. నా గుంట మీద పెట్టుకోవడం కుదరదు, నష్టపోయినవాడు పని చేయించుకుంటే మళ్ళీ కథ మొదటికే. ఆఖరికి శాఖా గ్రంథాలయం చూసే ఆవిడ సరేనంది. పాత పేపర్లు తారీఖుల వారీగా కుట్టడం, చిరిగిన పుస్తకాలకు అట్టలు వెయ్యడం, సాయంత్రం పెన్షన్ ముసలాళ్ళకు పేపర్ చదివి వినిపించడం. ఈ చివరిది ఆవిడ సొంత ఆలోచన. మొదట్లో ముసలాళ్ళు జేబులు తడుముకునేవాళ్ళట. తర్వాత వాడు రాకపోతే ఏడని అడగడం మొదలుపెట్టారు.

న్యూజిలాండ్‌లో 1989 నుంచే ఇలాంటి కేసుల్లో పిల్లవాడినీ, వాడి కుటుంబాన్నీ, నష్టపోయినవాళ్ళనీ, పోలీసునీ ఒకచోట కూర్చోబెట్టి దిద్దుబాటు ఎలాగో అందరి చేతా తేల్పిస్తారని మా బావమరిది చెప్పాడు. అక్కడి మావోరీ జనం కుటుంబమంతా కూర్చుని తేల్చుకునే పద్ధతి కూడా దాని వెనక ఉందట. వినగానే మా అరుగు గుర్తొచ్చింది. మా అరుగు మీద నేనున్నాను, ఊరుంది, పిల్లవాడి మాట లేదు, కొట్టడానికి హద్దు లేదు. బోర్డులో పిల్లవాడి మాట ఉంది, హద్దుంది, ఊరు లేదు. నన్ను పిలిచింది సాక్ష్యానికే. నీకేం కావాలయ్యా అని అడిగినవాళ్ళు లేరు. అడిగితే ఏం చెప్పేవాడినో కూడా నాకు తెలుసు. డబ్బు వాడివల్ల కాదు. ఆ రాత్రి రొయ్యలు ఎట్టా తేలాయో ఒక్కసారి గట్టు మీద నా పక్కన కూర్చుని వినమనేవాడిని. మన బాల న్యాయ చట్టంలో ఇలా కూర్చోవడానికి అడ్డేమీ లేదు. కోర్టు దాకా పోకుండా తేల్చడాన్ని ప్రోత్సహించాలనే దాని మూడో సెక్షన్‌లో ఉంది. కూర్చోబెట్టేవాళ్ళే లేరు.

ఇంకొక్కటి మిగిలింది. దొంగ సొత్తు అని తెలిసి కొనడమూ నేరమే, దానికీ మూడేళ్ళ దాకా శిక్ష ఉంది. కాలిన రాగి తెచ్చిన పిల్లోడిని ఎక్కడిదిరా అని అడగకుండా తూకం వేసిన కొట్టు ఇప్పటికీ తెరిచే ఉంది. తూకంలో కూడా కొట్టేశాడని చిన్నోడు బోర్డులోనే చెప్పాడు. ఆయన మీద పంచాయితీ పెట్టమని నేను అడుగుతూనే ఉన్నాను. మొన్న గుడికి రంగులేయించిన మనిషి కదా, చూద్దాంలే అంటున్నారు.