అమ్మేయకు, ఇంకో వారం ఆగు

నిన్న రాత్రి మా మేనల్లుడు ఫోన్ చేశాడు. "మామయ్యా, ఇంజిన్ కదలట్లేదు. నావల్ల కాదు, తుక్కుకి ఇచ్చేయనా?"

వాడికి పందొమ్మిదేళ్లు. దొరికింది మాస్సీ ఫెర్గూసన్ 35 అనే పాత ట్రాక్టరు, మూడు సిలిండర్ల పెర్కిన్స్ డీజిల్ ఇంజిన్‌ది. చేయి తిరగడానికి ఇంతకన్నా మంచి బండి లేదంటాను. 1964లో వచ్చిన మాస్సీ ఫెర్గూసన్ 135 ట్రాక్టరులోనూ ఈ కోవ ఇంజినే ఉంటుంది, కాబట్టి విడిభాగాలకు లోటుండదు.

ఇంజిన్ బిగుసుకుపోయిందంటే పాడైపోయినట్టు కాదురా. ఏళ్ల తరబడి కదలకుండా ఉంటే చెమ్మ చేరి, పిస్టన్ రింగులు సిలిండర్ గోడకు తుప్పుతో అతుక్కుపోతాయి. సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు విప్పి, ఆ రంధ్రాల్లోంచి డీజిల్, పల్చటి ఆయిల్ కలిపి పొయ్యి. రోజూ చూడు, ఇంకితే మళ్లీ పొయ్యి. స్టార్టర్ మోటారు తీసేసి, ఆ సందులోంచి ఫ్లైవీల్ (ఇంజిన్‌తో పాటు తిరిగే బరువైన చక్రం) పళ్లను చిన్న గడ్డపారతో అటూ ఇటూ మెల్లగా నెట్టి చూడు. వెంట్రుకవాసి కదిలినా చాలు, ఇక అది నీదే.

నా మొదటి బండికి నేను మూడు రోజులే ఆగాను. గేరులో వేసి, ఇంకో ట్రాక్టరుతో లాగించాను. ఇంజిన్ తిరిగింది, ఎంత సంబరపడ్డానో! కానీ ఒక సిలిండర్ సరిగ్గా మండలేదు. హెడ్ (సిలిండర్ల పైమూత) విప్పితే, పైకి వచ్చినప్పుడు ఒక పిస్టన్ మిగతా రెండింటికన్నా కిందే ఆగిపోతోంది. పిస్టన్‌ని కింద క్రాంకుకు కలిపే కనెక్టింగ్ రాడ్ వంగింది. ఆ బాధ వాడికి రాకూడదనే ఇంత చెబుతున్నా.

కదిలాక కూడా తొందర వద్దు. ఇంజెక్టర్లు బిగించకముందే ఇంజిన్‌ని చేత్తో తిప్పి, పోసిన ఆయిలంతా బయటికి రానివ్వు. లేకపోతే లోపల నిలిచిన ఆయిలే రాడ్‌ని వంచేస్తుంది. ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే సంపులో ఆయిల్ కూడా మార్చు. ఇంజెక్టర్ చిమ్మేటప్పుడు వేళ్లు దగ్గర పెట్టొద్దు, ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోకి దూరిపోతుంది. జాకీని నమ్మి బండి కిందికి వెళ్లకు, గట్టి చెక్కదిమ్మలు పెట్టు. రంగు సంగతి ఇప్పుడు మర్చిపో.

చేతికి మసి అంటినా పట్టించుకోకుండా రాత్రి పదింటికి ఫోన్ చేసి అడిగే పిల్లాడు ఈ పని వదిలేయడు, నాకు తెలుసు. ఒరేయ్, రేపు ఇంజెక్టర్లు తీసేటప్పుడు కింద రాగి వాషర్లు లోపలే ఉండిపోతాయేమో చూసుకో. ఏది ఏ సిలిండర్‌దో గుర్తు పెట్టి, రంధ్రాల్లోకి లైటు వేసి ఫొటోలు పంపు.